నాలుగు రిసీవర్లు, ఒక్క గోడ

"ఒక్కటంటే ఒక్కటే! రెండోది ఆ గుమ్మం తొక్కిందో, నేను ఈ గుమ్మం దిగిపోతాను," అన్నారు మా అత్తగారు, కొత్త ఫ్లాటు కొలతలు వేసిన కాగితాన్ని మామగారి ఒళ్లో పడేస్తూ.

మామగారు కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు, అక్కడ ఇంకో గది ఏమైనా ఉందేమో అన్నట్టు.

ఆ ఎండాకాలం మా ఇంట్లో రగడ అలా మొదలైంది. మేముంటున్న పాత బిల్డింగ్ కూలగొడతామన్నారు. వానలు పడేలోపు అందరూ ఖాళీ చెయ్యాలి. దొరికిన ఫ్లాటు చూస్తే అగ్గిపెట్టె. హాల్లో ఒక గోడంతా కిటికీ, ఒక గోడంతా తలుపులు, ఇంకో గోడ ఉండాల్సిన చోట వంటగదిలోకి దారి. సామాను ఆనించుకోవడానికి మిగిలింది ఒక్కటే గోడ. ఆ గోడ నా కటింగ్ టేబుల్‌ది. నేను కర్టెన్లు, సోఫా కవర్లు కుడతాను. ఆ టేబుల్ లేకపోతే ఇంట్లో సగం రోజులు పొయ్యి వెలగదు. ఆ సంగతి ఎవరైనా మర్చిపోతే గుర్తు చెయ్యడానికి నా నోరుంది. టేబుల్ పోగా మిగిలేది మూరెడు జాగా. ఆ మూరెడులో మామగారి నాలుగు రిసీవర్లలో ఏదో ఒకటి పెట్టుకోవాలి.

రిసీవరంటే తెలియనివాళ్లకి చెబుతున్నాను. రేడియో, పాటని పెంచి స్పీకర్లకి పంపే యాంప్లిఫయర్, రెండూ ఒకే పెట్టెలో ఉండే పాతకాలపు స్టీరియో అది. ముందు వెండిలా మెరిసే పలక, చుట్టూ చెక్క, అరచేతి నిండా వచ్చే గుండ్రటి నాబులు, లోపల దీపం వెలిగే గాజు పట్టీ, దాని మీద స్టేషన్ల అంకెలు. మామగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ లిఫ్టు మెకానిక్. మోటారు గది బయట నిలబడి చెవి ఒగ్గి, "పైన తాడు రాసుకుంటోంది" అని చెప్పేసేవారట. రిటైరయ్యాక ఆ చెవులు ఊరుకోలేదు. ఎవరో పారేసిన రిసీవర్లు తెచ్చి, దుమ్ము దులిపి, కాలిన భాగాలు మార్చి, వాటికి మళ్లీ గొంతు తెప్పించడం మొదలెట్టారు.

నాలుగింటికీ పేర్లున్నాయి. పెద్దయ్య అన్నిటికంటే పెద్దది, ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. నీలికళ్లు ఆన్ చేస్తే గాజు పట్టీ నీలంగా వెలుగుతుంది. బండ చూడ్డానికి ఇనప్పెట్టె. ఆఖరిది చిట్టి. చెక్క ఒక మూల పెచ్చు ఊడి, నా కుట్టుమిషన్ పక్కన పడి ఉండేది. గుడ్డ కత్తిరిస్తూ నేను రేడియో వినేది దాన్లోనే. ఇంటికొచ్చినవాళ్లకి వీటిని పరిచయం చేసేటప్పుడు, చిట్టి దగ్గరికి వచ్చేసరికి మామగారి గొంతు కాస్త తగ్గేది.

"నాన్నా, నాలుగూ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటే?" అన్నాడు మా ఆయన. ఆయన బస్సు డ్రైవర్. ఇంట్లో ఉన్న కాసేపూ అందరికీ మంచివాడనిపించుకుని పోవాలని చూస్తాడు.

"కిందదాని వేడికి పైనది ఉడికిపోతుందిరా. నువ్వు బస్సు మీద బస్సు ఎక్కించి నడుపుతావా?"

"రూలంటే రూలే," అన్నాను నేను, అందరికంటే గట్టిగా. "ఒకటి. అంతే."

ఆ మధ్యాహ్నం మామగారు నా టేబుల్ దగ్గరికొచ్చి కూర్చున్నారు. నేను కొలుస్తున్న గుడ్డ అంచు పట్టుకుని, "అమ్మాయ్, తప్పుదాన్ని ఉంచుకున్నాననుకో. మిగతావి వెళ్లిపోయాక ఆ సంగతి తెలిసిందనుకో. మళ్లీ వెతికి తెచ్చి బాగుచేసుకునే ఓపిక నాకింక ఉండదు. ఇదే ఆఖరిది," అన్నారు.

"మీ చెవులున్నాయిగా మామయ్యా."

ఆయన గుడ్డ వదిలేశారు. "మీ అత్తయ్య అంటోంది కదా, పిలిస్తే పలకడం లేదని."

నిజమే. ఆ మధ్య అత్తగారు వంటింట్లోంచి ఒకటికి రెండుసార్లు పిలిచాక గానీ ఆయన తల తిప్పడం లేదు. "ఆ డబ్బాల మోత వినీ వినీ చెవులు మొద్దుబారిపోయాయి" అని ఆవిడ రోజూ దెప్పేవారు. ఆయన నవ్వేసేవారు. లోపల అది ఇంతగా గుచ్చుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది.

"అయితే పోటీ పెడదాం," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. "కళ్లతో చూడకుండా. నేను తెర కుడతాను. తెర వెనక అవి పాడతాయి, తెర ముందు మీరు వింటారు. ఏది గెలిస్తే అది."

ముసలాయన ముఖం ఒక్కసారి వెలిగిపోయింది. అప్పటికప్పుడు లేచి పనిముట్ల పెట్టె తెరిచారు.

పాత లిఫ్టు ప్యానెల్‌లోంచి ఊడదీసి దాచుకున్న స్విచ్చి ఒకటి ఆయన దగ్గరుంది. దాన్ని చెక్కపెట్టెలో బిగించి, పైన ఓ నాబ్ పెట్టి, చుట్టూ ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వేశారు. ఒకటి నీలికళ్లు, రెండు పెద్దయ్య, మూడు చిట్టి, నాలుగు బండ. నాబ్ ఏ అంకె దగ్గరుంటే ఆ రిసీవర్ మాత్రమే స్పీకర్లలో పాడుతుంది. రికార్డు ప్లేయర్‌ని చిట్టికి తగిలించి, చిట్టి వెనకనుంచి మిగతా మూడింటికీ అదే పాట వెళ్లేలా వైర్లు లాగారు.

"అందరికీ ఒకే పాట, ఒకే స్పీకర్లు. ఇంక తేడా వినిపించిందంటే అది రిసీవర్‌దే," అన్నారు.

న్యాయనిర్ణేతగా కళ్లజోళ్లాయన వచ్చారు. వీధి చివర కళ్లజోళ్ల షాపు ఆయనది. మామగారికి చిన్నప్పటి స్నేహితుడు. ఆయన ఇంట్లోనూ రిసీవర్లున్నాయి. ఇద్దరూ కలిస్తే అరుపులు తప్ప మాటలుండవు.

"వాల్యూములన్నీ ముందే సమానంగా పెట్టాలి. తర్వాత ఎవ్వరూ వేలు పెట్టకూడదు," అని ఆయన షరతు పెట్టారు.

"పెట్టం లేరా. నువ్వు నీ వేలు కూడా జేబులో పెట్టుకో."

మొదటి ఆదివారం తెర ఇంకా పూర్తికాలేదు. అయినా ఆగలేక మొదలెట్టేశారు. చిట్టి పాటందుకోగానే కళ్లజోళ్లాయన అరచేత్తో గాలిని పక్కకి తోసేసి, "వార్తలు వినడానికి బాగుంటుంది" అన్నారు. మామగారు కూడా తలూపారు. చిట్టి పని అక్కడితో అయిపోయింది. నాకు చురుక్కుమంది. నా పక్కన కూర్చుని రోజంతా పాడేది అదేగా! కానీ ఒకటంటే ఒకటని గొంతు చించుకున్నదాన్ని, ఏ మొహం పెట్టుకుని మాట్లాడను? పాటలు పంచిపెట్టే పనికి మాత్రం అది వెనకాలే ఉండిపోయింది.

మరుసటి వారం బండ ఓడింది. దాని వెనకనుంచి ఈగ ముసిరినట్టు ఓ సన్నటి రొద. మా ఆయన దాన్ని డిపోలో డ్రైవర్ల గదికి పట్టుకుపోయాడు. ఇక మిగిలినవి రెండు, నీలికళ్లు, పెద్దయ్య.

అప్పటికి నా పరిస్థితి చెబితే నవ్వుతారు. మొదట్లో వాటిని చూస్తే నాకు దుమ్ము మాత్రమే కనబడేది. ఒకరోజు పెద్దయ్య నాబులు గరగరమంటున్నాయని మామగారు మూత విప్పి లోపల మురికి వదిలే మందు కొడుతూ, "పట్టుకో, ఇటూ అటూ తిప్పుతూ ఉండు" అన్నారు. తిప్పుతుంటే గరగర తగ్గి, తగ్గి, మాయమైపోయింది. తర్వాత స్టేషన్ మార్చే పెద్ద నాబ్ మీద నా చెయ్యి పెట్టి, "ఇప్పుడు ఒక్క తోపు తోసి వదిలెయ్" అన్నారు. తోశాను. అమ్మ బాబోయ్! నాబ్ దానంతట అదే తిరుగుతూ పోయింది, లోపల బరువైన చక్రం ఉందట. ముల్లు ఆ చివరనుంచి ఈ చివరకి జారుకుంటూ వచ్చింది. దారిలో ఎన్ని గొంతులు! ఒక మాట, ఒక వయోలిన్, ఎవరిదో నవ్వు, మళ్లీ గాలి. నేను మళ్లీ తోశాను. మళ్లీ. మామగారు మూత బిగించడం మానేసి నన్నే చూస్తున్నారు.

"ఇందాక పొయ్యి మీద పాలు పెట్టావు," అన్నారు అత్తగారు వంటింట్లోంచి. "ఇప్పుడవి పొయ్యి కింద ఉన్నాయి."

ఆ తర్వాత ఆన్ చేసినప్పుడల్లా లోపల 'టక్'మనే చప్పుడు కోసం ఊపిరి బిగబట్టేదాన్ని. కరెంటు సర్దుకున్నాక, ఇంక స్పీకర్లకి భయం లేదని రిసీవర్ తలుపు తీసే చప్పుడు అది. కర్టెన్లకి వచ్చినవాళ్లని కూడా కూర్చోబెట్టి వినిపించేదాన్ని. ఒకావిడ కొలతలివ్వడం మర్చిపోయి వెళ్లిపోయింది.

ఆఖరి పోటీ రోజు సాయంత్రం హాల్లో నేను కుట్టిన నల్లటి తెర వేలాడుతోంది. చిన్న చిక్కొచ్చి పడింది. తెర వెనక నాబ్ తిప్పేది ఎవరు? పక్షపాతం లేని మనిషి కావాలి. అంటే ఆ రెండు డబ్బాలనీ సమానంగా అసహ్యించుకునే మనిషి.

"ఏమేవ్, ఒక్కసారి ఇలా రా," అని పిలిచారు మామగారు.

"నేను పిలిస్తే మాత్రం వినబడదు," అంటూనే అత్తగారు కొంగుకి చేతులు తుడుచుకుని తెర వెనక్కి వెళ్లారు. రికార్డు మీద సూది సరిగా ఆనుతోందో లేదో చూడ్డానికి నేను అంతకుముందే చిట్టి మీద కాసేపు పాడించి, పాట మొదటికి తెచ్చి పెట్టాను. అత్తగారికి పని చెప్పాను. మొదట ఒకటి దగ్గర పెట్టండి, పాట అయ్యాక సూది వెనక్కి పెట్టి, రెండు దగ్గరికి తిప్పండి. అంతే.

తెర వెనక కర్రుమంది.

"ఏమైంది?" అన్నారు మామగారు.

"ఏమీ కాలేదు, మీరు నోరు మూసుకుని వినండి."

సీసా మూతలు ఇరుక్కుంటే ఇంట్లో మగవాళ్లు ఆవిడకే ఇస్తారు. అలాంటి చెయ్యి అది.

ఒకావిడ పాడిన పాత పాట. ఆవిడ రాగం తీస్తుంటే వెనక డోలు మెల్లగా నడుస్తుంది. మొదటిసారి పాడింది. మామగారు, కళ్లజోళ్లాయన, మా ఆయన, నేను, నలుగురం కళ్లు మూసుకుని విన్నాం.

"స్వచ్ఛంగానే ఉంది," అన్నారు కళ్లజోళ్లాయన. "కానీ చలి. గొంతులో చలి ఉంది."

"మనిషి గోడ అవతల నిలబడి పాడుతున్నట్టుంది," అన్నారు మామగారు.

అత్తగారు నాబ్ తిప్పి, "రెండు!" అని అరిచారు. పాట మళ్లీ మొదలైంది.

మొదటి రాగానికే మామగారు కుర్చీ చేతులు పట్టుకున్నారు. "వచ్చేసింది! గదిలోకి వచ్చేసిందిరా మనిషి!"

"వెచ్చదనం! అబ్బబ్బ, వెచ్చదనం!" కళ్లజోళ్లాయన జీవితంలో మొదటిసారి మామగారి మాట ఒప్పుకున్నారు.

"డోలు కడుపులో తగులుతోంది," అన్నాడు మా ఆయన.

నాకా? నాకు ఒళ్లు జలదరించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పడానికి సిగ్గేముంది. "ఇదే మామయ్యా, ఇదే!" అని అరిచాను.

"నాకైతే రెండూ ఒక్కలాగే ఉన్నాయి," అన్నారు తెర వెనకనుంచి అత్తగారు.

నలుగురం పగలబడి నవ్వాం. "నీకు ఓటు లేదు!" అన్నారు మామగారు. లేచి వెళ్లి తెర లాగేశారు. నాబ్ మీది గీత రెండు దగ్గరుంది. పెద్దయ్య! ఆయన దాని పలక మీద చరిచి, నా వైపు తిరిగి, చిన్న గొంతుతో, "చెవులు పనిచేస్తున్నాయి అమ్మాయ్. ఇంకా పనిచేస్తున్నాయి," అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన నడకే మారిపోయింది. ఈల వేస్తూ పెట్టెలు సర్దారు. అత్తగారు ఒక్క పిలుపు పిలిస్తే పలికారు. నీలికళ్లని కళ్లజోళ్లాయన ట్యాక్సీలో పెట్టుకుని వెళ్లిపోయారు. చిట్టిని కింద తాళాలు చేసే ఆయన తన కొట్లో పెట్టుకుంటానన్నారు. మేం ఖాళీ చేసే రోజు వచ్చి తీసుకెళ్తానన్నారు. నేను సరేనన్నాను. ఇంకేమనగలను?

ఆ రోజు రానే వచ్చింది. మామగారు కింద లారీ దగ్గర ఉన్నారు. హాలంతా బోసిగా, ఏ మాటన్నా తిరిగి మన మీదికే వచ్చేలా ఉంది. మిగిలినవి చుట్టగట్టిన పరుపు, స్పీకర్లు, రికార్డు ప్లేయర్, ఆ స్విచ్చి పెట్టె, పెద్దయ్య, చిట్టి. ప్యాక్ చేసేముందు ఒక్కసారి వినాలనిపించింది. అన్నీ ఆన్ చేసి, నాబ్ రెండు దగ్గరుందని చూసుకుని, ఆ పాటే పెట్టాను. ఖాళీ గదిలో ఆవిడ గొంతు గోడలు నింపేసింది. మరీ గట్టిగా ఉందని పెద్దయ్య వాల్యూమ్ తగ్గించాను.

తగ్గలేదు.

ఇంకా తగ్గించాను. పూర్తిగా సున్నాకి తెచ్చాను. పాట అలాగే ఉంది. పెద్దయ్య మీట నొక్కి ఆపేశాను. గాజు పట్టీలో దీపం ఆరిపోయింది. ఆవిడ పాడుతూనే ఉంది.

చిట్టి వాల్యూమ్ మీద వేలు పెట్టి కాస్త తిప్పాను. పాట వెంటనే తగ్గింది.

స్విచ్చి పెట్టె మీది నాబ్ తిప్పి చూశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్లీ ఒకటి, ఎక్కడా ఆగకుండా చుట్టూ తిరిగేస్తోంది. పట్టి లాగితే చేతిలోకి వచ్చేసింది. కింద స్విచ్చిని అసలు తిప్పే ఇనప కడ్డీ మాత్రం, నేను సూది సరిచూసుకున్ననాడు వదిలేసినట్టే, మూడు దగ్గర కదలకుండా ఉంది.

"ఆ రోజూ ఇంతే," అన్నారు వెనకనుంచి అత్తగారు. చేతిలో చీపురుతో ఎప్పుడొచ్చారో ఏమో. "మొదట గట్టిగా ఉంటే కాస్త బలంగా తిప్పాను. తర్వాత వెన్నలా తిరిగింది. ఈయన నూనె వేశారనుకున్నాను. ఎందుకే, ఏమైంది?"

చెప్పాను. చలి, వెచ్చదనం, గోడ అవతల మనిషి, గదిలోకొచ్చిన మనిషి, రెండుసార్లూ చిట్టేనని. ఆవిడ నవ్వుతారనుకున్నాను. ఎండాకాలమంతా ఆ చెవులని దెప్పిన మనిషి కదా. ఆవిడ చీపురు కింద పెట్టి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆయనకి చెప్పకే. ఆ సాయంత్రం నుంచి ఎంత హుషారుగా ఉన్నారో చూశావుగా. చెప్పకమ్మా."

నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా తెలుసు. పైగా చెప్పకపోతే చిట్టి వెళ్లిపోతుంది. చెబితే ఉంటుంది. గొంతు దాకా వచ్చిన మాటని మింగి, తలూపాను. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. తాళాలాయన వస్తున్నారు. ఆయన వెనకే మామగారు.

పాట ఆపాలని నాకు తోచనే లేదు.

మామగారు గుమ్మంలో ఆగిపోయారు. పాట వింటూ పెద్దయ్య వైపు చూశారు. దీపం లేదు. నా చేతిలో నాబ్ చూశారు. వచ్చి, మూడు దగ్గర నిలబడ్డ కడ్డీని ఒక్క వేలితో తడిమారు. జీవితమంతా స్విచ్చిలు విప్పి బిగించిన మనిషికి ఇంకేం చెప్పాలి? ఖాళీ గది మధ్యలో నిలబడి, కళ్లు మూసుకుని, పాట ఆఖరిదాకా విన్నారు. అత్తగారు నా చెయ్యి వదల్లేదు.

పాట అయిపోయింది.

"బాగుందా అమ్మాయ్?"

"బాగుంది మామయ్యా."

"ఆ రోజు?"

"ఆ రోజు కూడా బాగుంది."

"మరి చెవులేం తప్పు చేశాయి?" అన్నారు. ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నారేమోనని హడలిపోయాను. నవ్వు! చుట్టగట్టిన పరుపు మీద కూలబడి నవ్వు! "వాడు... ఆ కళ్లజోళ్లవాడు... దీన్నే చలి అన్నాడు! దీన్నే వెచ్చదనం అన్నాడు!"

"తమరేమన్నారో?" అత్తగారి గొంతు తిరిగొచ్చింది. "గోడ అవతల మనిషి!"

"అన్నానే! అన్నాను! నువ్వొక్కదానివే సరిగ్గా విన్నావు, నీకు ఓటు కూడా ఇవ్వలేదు!"

తాళాలాయన ఏమీ అర్థం కాక గుమ్మంలోనే నిలబడ్డారు. మామగారు కళ్లు తుడుచుకుని లేచారు. "నీకు చిట్టి లేదయ్యా. పెద్దయ్యని తీసుకెళ్లు. ఇంకో మనిషిని పిలుచుకురా, ఒక్కడివి ఎత్తలేవు."

"రెండూ తెచ్చుకోండి పోనీ," అన్నారు అత్తగారు, గోడ వైపు చూస్తూ. "ఎలాగో సర్దుకుందాం."

నేను నా చెవుల్ని నమ్మలేదు. మామగారు కూడా ఆవిడ వైపు కాసేపు చూశారు.

"ఒక్కటంటే ఒక్కటే అన్నావుగా. గెలిచింది ఒక్కటే," అన్నారు.

పెద్దయ్యని ఇద్దరు మనుషులు ఎత్తేముందు, దాని పెద్ద నాబ్ మీద చెయ్యి పెట్టి ఒక్క తోపు తోసి వదిలారు. అది తిరిగి తిరిగి ఆగేదాకా చూసి, అప్పుడు దారిచ్చారు.

చిట్టిని ఆ నల్లటి తెరలోనే చుట్టాను. లారీ ముందు సీట్లో మేం ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. మా ఆయన వెనక సామాను మీద ఉన్నాడు. మామగారు ఒళ్లో మూట పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నారు.

"ఏంటి తాతగారూ అది? వెనక పెట్టలేకపోయారా?" అన్నాడు డ్రైవరు.

"ఇవాళ్టి నుంచి మా పెద్దయ్య," అన్నారు మామగారు.

అత్తగారు కాస్త పక్కకి జరిగి దానికి చోటిచ్చారు.